మూడో దర్శకుడి పేరు

సంపాదకులకు,

నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో యానిమేషన్ సినిమాల మీద రెండు పేజీల కథనం వేశారు. 2025 జూలైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ తెలుగునాట కూడా థియేటర్లు నింపాక ఈ విషయం మీద అందరికీ ఆసక్తి పుట్టింది. సంతోషమే. “బొమ్మలేస్తావా? మరి ఉద్యోగం ఏం చేస్తావమ్మా?” అని పెళ్లిచూపుల్లో అడిగించుకున్న తరం మాది. మా పని గురించి పేపర్లో రెండు పేజీలు రావడమే మాకు పండగ. అయితే మీ కథనం సారమంతా ఏమిటంటే, ఇంతకాలం మనకు యానిమేషన్ అంటే డిస్నీ, లేదంటే జపాన్, మన బొమ్మకు ఇప్పుడే ప్రాణం వచ్చింది అని. పక్కనే పాత రామాయణం యానిమేషన్ చిత్రంలోని రాముడి బొమ్మ వేసి, కింద “జపాన్ దర్శకుడు యుగో సాకో తీసిన రామాయణం” అని రాశారు.

ఆ సినిమాకు దర్శకులు ఒకరు కాదండీ, ముగ్గురు. యుగో సాకో, కోయిచి ససాకి, రామ్ మోహన్. మూడో ఆయన మనవాడు. మీరు వదిలేసింది ఆయన్నే. రెండు పేజీల్లో ఆయన పేరు ఒక్కచోటైనా ఉందేమోనని మళ్లీ మొదటినుంచి వెతికాను. లేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే మన్నించండి, కత్తిరించాల్సి వస్తే నా సంగతులు కత్తిరించండి గానీ ఆయనవి ఉంచండి.

నేనెవరో రెండు ముక్కల్లో చెబుతాను. మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, 1990ల చివర్లో హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా, అంటే రెండు ముఖ్య భంగిమల మధ్య వచ్చే బొమ్మలు గీసే మనిషిగా చేరాను. తర్వాత గీతలు శుభ్రంగా తిరగవేసే క్లీనప్‌కి, ఆ తర్వాత ఆ ముఖ్య భంగిమలు, అంటే ‘కీ’లు గీసే కీ యానిమేషన్‌కి వెళ్లాను. ఆ స్టూడియో ఇప్పుడు లేదు. రామ్ మోహన్ గారిని నేనెప్పుడూ కలవలేదు. మాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన బొంబాయిలో రామ్ మోహన్ శిష్యుల దగ్గర నేర్చుకుని వచ్చారు. మా గీతలో ఏదైనా తేడా వస్తే “రామ్ మోహన్ గారి దగ్గరైతే ఈ కాగితం చెత్తబుట్టలో ఉండేది” అనేవారు. అలా ఆయన మాకు చూడని తాతగారు.

రామ్ మోహన్ 1931లో కేరళలోని తిరువల్లలో పుట్టారు. మద్రాసులో కెమిస్ట్రీ చదివారు. పీజీ మధ్యలో వదిలేసి 1956లో బొంబాయి వెళ్లి, కేంద్ర ప్రభుత్వ చిత్రాలు తీసే ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల కార్టూన్ ఫిల్మ్ యూనిట్‌లో చేరారు. ఆ రోజుల్లో కెమిస్ట్రీ వదిలి బొమ్మలు గీయడానికి పోయిన కొడుకు గురించి ఆ ఇంట్లో ఏం మాట్లాడుకుని ఉంటారో మీరే ఊహించుకోండి.

అదే సమయంలో అమెరికా సాంకేతిక సహాయం కింద క్లెయిర్ వీక్స్ అనే ఆయన ఇక్కడికి వచ్చారు. డిస్నీలో చాలా ఏళ్లు పనిచేసిన యానిమేటర్. తమాషా ఏమిటంటే ఆయన పుట్టింది మన దేశంలోనే, మిషనరీల ఇంట్లో. పెద్దయ్యాక హాలీవుడ్‌కి వెళ్లి, ‘స్నో వైట్’, ‘బాంబి’, ‘పీటర్ పాన్’ సినిమాలకు పనిచేసి, మళ్లీ ఇటు వచ్చి మనవాళ్లకు లైట్ బాక్స్ (కింద దీపం ఉన్న గీత బల్ల) ముందు కూర్చోవడం నేర్పారు. ఆ యూనిట్‌లో నేర్చుకున్న కుర్రాళ్లలో రామ్ మోహన్ ఒకరు. 1957లో వాళ్లు ‘బన్యన్ డీర్’ అనే చిన్న చిత్రం తీశారు. జాతక కథ. కడుపుతో ఉన్న లేడి వంతు వస్తే, దాని బదులు లేళ్ల రాజు తానే వెళ్లి వధ్యశిల మీద తల పెడుతుంది. కథ సరే, నాకు నచ్చేది గీత. డిస్నీ మనిషి నేర్పినా ఆ లేళ్లు డిస్నీ లేళ్లలా ఉండవు. అజంతా గోడల మీద ఉన్న లేళ్లు కదిలినట్టు ఉంటాయి. వచ్చిన గురువు చేత్తోనే మన గోడ మీది బొమ్మను కదిలించారు. ఇది 1957 మాట. మన బొమ్మకు ఇప్పుడే ప్రాణం వచ్చిందన్నారే, దానికి నా మొదటి జవాబు ఇది.

మీ పాఠకుల్లో అరవై దాటిన వాళ్లకు ఇంకో సంగతి గుర్తుండాలి. అప్పట్లో అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల రీలు తప్పనిసరిగా వేయాలి. జనం బయట బీడీలు కాల్చుకుంటూ, వేరుశనక్కాయలు కొనుక్కుంటూ “ఇంకా న్యూస్ రీలే నడుస్తోంది లెండి” అనుకునేవారు. ఆ రీళ్లు తెలుగులోకీ డబ్ అయి వచ్చేవి. వాటిలో అప్పుడప్పుడూ బొమ్మల చిత్రాలూ ఉండేవి. మన పల్లెటూళ్ల డేరా హాళ్లలో, టూరింగ్ టాకీసుల్లో చాలామంది జీవితంలో మొదట చూసిన కదిలే బొమ్మ ఆ యూనిట్‌దే అయి ఉంటుంది. ఎవరు గీశారో ఎవరికీ తెలియదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

1960ల చివర్లో ఆయన ఫిల్మ్స్ డివిజన్ వదిలేశారు. వదిలి ఎక్కడికి వెళ్లారు? ఇది తెలుగు పత్రికకు తెలిసి ఉండాల్సిన సంగతి. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన మన ఎల్.వి. ప్రసాద్ గారి ప్రసాద్ ప్రొడక్షన్స్‌కి వెళ్లారు. 1968లో అక్కడి యానిమేషన్ విభాగానికి అధిపతి అయ్యారు. ప్రసాద్ గారి గురించి ఎన్ని వ్యాసాలు చదివాం! మూకీల నుంచి వచ్చిన మనిషి, మూడు భాషల్లో మొదటి టాకీల్లో కనబడిన మనిషి అని ఎంత రాసుకున్నాం! ఆయన సంస్థలో ఒక యానిమేషన్ విభాగం ఉండేదనీ, దాన్ని నడిపింది రామ్ మోహన్ అనీ మాత్రం ఎవరూ రాయగా చూడలేదు. మీరైనా రాస్తారేమోనని ఎదురుచూశాను.

1972లో ఆయన సొంత స్టూడియో పెట్టారు. పేరు రామ్ మోహన్ బయోగ్రాఫిక్స్. బొంబాయిలో. ప్రభుత్వ జీతం లేదు, వెనక పెద్ద నిర్మాత లేడు. యానిమేషన్‌కి మార్కెట్ అంటూ లేని దేశంలో యానిమేషన్ స్టూడియో పెట్టి నిలబెట్టడం అంటే ఏమిటో ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. యాడ్ ఫిల్ములు, ప్రభుత్వ ప్రచార చిత్రాలు, సినిమాల టైటిళ్లు, మధ్యలో ఒకటో రెండో నిమిషాల బొమ్మల ముక్కలు, ఏది వస్తే అది. అలా వచ్చిన చిన్న పనుల్లోనే ఆయన సత్తా కనిపిస్తుంది. స్టూడియో పెట్టక ముందే, 1969లో, మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’లో యానిమేషన్ ముక్క ఆయనదే. 1977లో సత్యజిత్ రే ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో గవర్నర్ జనరల్ డల్హౌసీ సంస్థానాలను మింగడం గుర్తుందా? కిరీటాలు పెట్టుకున్న చెర్రీ పళ్లు. కిరీటాన్ని తీసి పారేసి, పండును నోట్లో వేసుకుంటాడు. పెద్ద చరిత్ర పాఠం చెప్పాల్సిన చోట పళ్లెంలో నాలుగు పళ్లు పెట్టి పని ముగించారు. సినిమాలో మిగతాదంతా నెమ్మదిగా నడుస్తుంది, ఇది మాత్రం చురుక్కుమంటుంది. నా విద్యార్థులకు ఆ ముక్క చూపిస్తే నవ్వుతారు, తర్వాత రెండోసారి వేయమంటారు. ఆయనకు వచ్చిన జాతీయ అవార్డుల్లో 1972 నాటి ‘యూ సెడ్ ఇట్’, 1983 నాటి ‘ఫైర్ గేమ్స్’ ఉన్నాయి. అవార్డుల జాబితా నాకంత ముఖ్యం కాదు, దాటేస్తున్నాను.

ఇక మీరు బొమ్మ వేసిన రామాయణం సంగతి. యుగో సాకో 1983లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ తవ్వకాల మీద డాక్యుమెంటరీ కోసం వచ్చి, రామాయణం మీద మనసు పడి, జపనీస్ భాషలో దొరికిన రామాయణాలన్నీ చదివారు. విదేశీయుడు మన రామాయణం తీయడమేమిటని ఇక్కడ అభ్యంతరాలు వచ్చాయి, తర్వాత సర్దుకున్నాయి. సున్నితమైన కథను కార్టూన్‌గా చూపడమేమిటని మన ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చివరికి పని జపాన్‌లో మొదలైంది, మన యానిమేటర్లు అక్కడివాళ్లతో కలిసి చేశారు. దాదాపు 450 మంది కళాకారులు, లక్ష దాకా చేత్తో వేసిన సెల్స్ (బొమ్మ వేసే పారదర్శక రేకులు) అని చెబుతారు. ఆ అంకె అతిశయోక్తి అనుకునేవాళ్ల కోసం మా లెక్క చెబుతాను. సినిమా 135 నిమిషాలు. సెకనుకి 24 ఫ్రేములు. మేము ‘టూస్’ మీద చేస్తాం, అంటే ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు తీస్తాం, సెకనుకి 12 బొమ్మలు. కూడితే 97,200. కదలకుండా నిలబడ్డ చోట తగ్గుతాయి, ఒకే షాట్‌లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు సెల్స్ మీద ఉన్న చోట పెరుగుతాయి. అంకె సరిపోయింది.

ఆ జపాన్ కళాకారులకు మనవాళ్లు నేర్పిన వాటిలో ధోవతి ఎలా కడతారు, పిల్లలు పెద్దల ఆశీర్వాదం ఎలా తీసుకుంటారు అనేవి కూడా ఉన్నాయి. చదివేవాళ్లకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. గీసేవాళ్లకు కాదు. వంగి కాళ్లకు దండం పెట్టే కొడుకును గీయాలనుకోండి. మొదటి కీ నిలబడ్డ బొమ్మ, రెండో కీ చేతులు పాదాల మీద ఉన్న బొమ్మ. మధ్యలో ఏం జరుగుతుంది? నడుము ముందు వంగుతుందా, మోకాలు ముందు మడుస్తాడా? తల ఎప్పుడు దిగుతుంది? పైకి లేచేటప్పుడు పెద్దాయన చెయ్యి తల మీద పడేదాకా ఆగుతాడా లేదా? ఆగకపోతే అది దండం కాదు, కింద పడ్డ వస్తువు తీసుకోవడం. మన దేశంలో పుట్టినవాడికి ఇది ఒంట్లో ఉంటుంది. టోక్యోలో కూర్చున్నవాడికి ఎవరో ఒకరు లేచి చేసి చూపించాలి. చేసి చూపించినవాళ్లను వదిలేసి “జపాన్ రామాయణం” అంటే ఎలాగండీ?

ఆ సినిమా 1990ల మొదట్లో పూర్తయింది. ఇక్కడి థియేటర్లలో అప్పుడు సరిగా ఆడలేదు, టీవీలో వచ్చి పిల్లల మనసులో ఉండిపోయింది. 2025 జనవరి 24న 4కె ప్రింటుతో, తెలుగు డబ్బింగ్‌తో సహా మళ్లీ విడుదలైంది. ఆ విడుదలకు మన విజయేంద్రప్రసాద్ గారు కూడా తోడయ్యారు. అప్పటికి సాకో లేరు, 2012లో పోయారు. రామ్ మోహన్ 2019 అక్టోబరు 11న పోయారు.

ఇంతా చేసి, ఆయన చేసిన వాటిలో అన్నిటికన్నా పెద్దది రామాయణం కాదంటాను నేను. ‘మీనా’ అంటాను. దీని గురించి మీ కథనంలో ఒక్క ముక్క ఉన్నా ఈ ఉత్తరంలో సగం రాసేదాన్ని కాదు.

1990ల మొదట్లో యునిసెఫ్ వాళ్లకు దక్షిణాసియా ఆడపిల్లల కోసం ఒక పాత్ర కావాల్సి వచ్చింది. బంగ్లాదేశ్, ఇండియా, నేపాల్, పాకిస్తాన్, నాలుగు చోట్లా “ఇది మా ఊరి పిల్లే” అనిపించాలి. ముక్కూమొహం ఏ ఒక్క దేశానిదీ కాకూడదు, బట్టలు ఏ ఒక్క మతానివీ కాకూడదు, పేరు అందరి నోటా పలకాలి. రామ్ మోహన్ రకరకాల మీనాలను గీశారు. ఆ బొమ్మలను పల్లెలకు తీసుకెళ్లి పిల్లలకు, తల్లులకు చూపించి, వాళ్లేమన్నారో విని మళ్లీ గీశారు. ఇది నాకు అద్భుతంగా అనిపిస్తుంది. మా స్టూడియోల్లో క్లయింటు మెయిల్‌లో “ముక్కు కొంచెం చిన్నది చేయండి” అని రాస్తే అరగంట తిట్టుకునేవాళ్లం. ఆయన అప్పటికే దేశంలో ఈ పనికి పెద్దదిక్కు. పల్లెటూరి ఆడవాళ్లు వద్దన్న గీతను చెరిపేసి కొత్తది వేశారు.

మొదటి కథ కోళ్ల లెక్క. మీనాను బడికి పంపరు, తమ్ముడు రాజు మాత్రం వెళతాడు. మీనా దగ్గర మిట్టూ అనే చిలక ఉంటుంది. దాన్ని బడికి పంపిస్తుంది. అది కిటికీ దగ్గర కూర్చుని విన్నది వచ్చి అప్పజెబుతుంది. అలా నేర్చుకున్న లెక్కతో కోళ్లను లెక్కపెడితే ఒకటి తక్కువొస్తుంది, దొంగ దొరుకుతాడు, పిల్ల బడికి వెళుతుంది. ఇంకో కథలో మామిడిపండు పంచుకునే దగ్గర అన్యాయం జరుగుతుంది. ఒక రోజంతా రాజు పని మీనా, మీనా పని రాజు చేస్తారు. మీనాకు పెట్టే తిండే రాజుకూ పెడతారు. సాయంత్రానికి వాడి కడుపు కాలి, మొహం వాడిపోతుంది. ఉపన్యాసం ఉండదు. ఆ మొహం చాలు.

నాకు ఈ కథల మీద ఇంత పట్టు ఎందుకంటే, మా ఇంట్లోనూ గుడ్డు తమ్ముడికే పెట్టేవారు. అమ్మని తప్పుపట్టడం లేదు. ఆవిడకూ అలాగే పెట్టారు. మీనా వీడియో కాసెట్ మా ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు వేసినప్పుడు నేను కాలేజీ పిల్లని, “చిన్నపిల్లల బొమ్మ” అని వెనకాల నిలబడి చూస్తున్నాను. మామిడిపండు కథ అయ్యాక అమ్మ ఏమీ అనలేదు. మా మేనత్త మాత్రం గట్టిగా “అయితే ఏంటట, మగపిల్లాడికి కాస్త ఎక్కువ పెడితే కొంప మునుగుతుందా” అంది. ఆడవాళ్లందరూ ఒకరి మీద ఒకరు పడి ఆవిడతో గొడవపెట్టుకున్నారు. ఒక బొమ్మల కథ అంత గొడవ చేయడం నేను అంతకుముందు చూడలేదు. అప్పుడే అనుకున్నానని చెప్పను గానీ, రెండేళ్ల తర్వాత స్టూడియో ప్రకటన చూసి అప్లికేషన్ పెట్టినప్పుడు అదే గుర్తొచ్చింది.

గీత దగ్గరికి వస్తే, మీనా సాదా బొమ్మ. నీడలుండవు, జుట్టులో వెంట్రుకలు గీయరు. డబ్బు తక్కువ, ఎపిసోడ్లు ఎక్కువ, అందుకే గీతలు తక్కువ. కానీ తక్కువ గీతలున్న బొమ్మే కష్టం. మాకు నేర్పిన సీనియర్ కాగితాలు కదలకుండా పట్టే పెగ్ బార్‌కి తగిలించి, కీలైన మొదటి బొమ్మను, అయిదో బొమ్మను ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని టపటపా తిప్పేవారు. “మూడోది ముందు వెయ్. తర్వాత రెండు, నాలుగు. చెయ్యి సూటిగా పోదు, విల్లులా తిరుగుతుంది. మణికట్టు ముందు, వేళ్లు వెనక.” పది గీతలున్న బొమ్మలో ఒక గీత తప్పు పోయినా కప్పిపుచ్చవచ్చు. మీనా లాంటి బొమ్మలో కంటి చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగితే పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు. కంప్యూటర్‌లో ఈ రోజు చేస్తున్న పిల్లలకూ ఇదే పాఠం. పెన్సిల్ మౌసుగా మారింది, మణికట్టు మారలేదు.

రామ్ మోహన్‌ను “భారతీయ యానిమేషన్ పితామహుడు” అంటుంటారు. నాకీ బిరుదు అంత ఇష్టం లేదు. 1915లోనే దాదాసాహెబ్ ఫాల్కే తెర మీద అగ్గిపుల్లలను కదిలించారు. ఫిల్మ్స్ డివిజన్ యూనిట్‌లో రామ్ మోహన్‌తో పాటు గోఖలే లాంటి వాళ్లున్నారు. చెకోస్లొవేకియా వెళ్లి నేర్చుకుని వచ్చిన ప్రమోద్ పతి ఉన్నారు. పితామహుడు అనేస్తే వీళ్లందరూ ఎగిరిపోతారు. ఆయన గొప్పతనం అది కాదు. ప్రభుత్వ యూనిట్‌లో నేర్చుకున్న విద్యను బయటికి తెచ్చి, జీతాలిచ్చి, కుర్రాళ్లను తయారుచేసి, వాళ్లు బయటికెళ్లి ఇంకొకరికి నేర్పేలా చేశారు. 1990ల చివర్లో ఆయన స్టూడియో టీవీ కార్యక్రమాల సంస్థ యూటీవీతో కలిసి యూటీవీ టూన్స్ అయింది. డెబ్బై అయిదేళ్ల వయసులో, 2006లో, గ్రాఫిటీ అనే యానిమేషన్ సంస్థ వాళ్లతో కలిసి యానిమేషన్ స్కూల్ పెట్టారు. 2014లో పద్మశ్రీ ఇచ్చారు. ఆలస్యంగానే ఇచ్చారు.

ఆయన మీద నాకు ఫిర్యాదు లేదా అంటే ఉంది. ఆయన తరం స్టూడియోలు చివరికి విదేశీ సీరియళ్లకు చెయ్యి అరువిచ్చే దారిలోకి మళ్లాయి, మేమూ అదే దారిలో నడిచాం. హైదరాబాద్‌లో మాకు ఎక్స్‌పోజర్ షీట్లు (ఏ ఫ్రేములో ఏ బొమ్మ రావాలో రాసిన పట్టీలు) ఫ్రెంచ్ మాటలతో వచ్చేవి. ఏ నోరు ఎప్పుడు తెరవాలో అంకెల్లో ఉండేది, ఆ నోరు ఏం మాట్లాడుతోందో మాకు తెలిసేది కాదు. ఆ పనివల్ల మా ఇళ్లల్లో అన్నం ఉడికింది, కాదనను. కానీ మీనాను గీసిన చెయ్యి పెంచిన పరిశ్రమకు ఇంకో రెండు మూడు మీనాలైనా పుట్టి ఉండాల్సింది. పుట్టలేదు. 2008లో ‘ఛోటా భీమ్’ హైదరాబాద్ నుంచి బయల్దేరి దేశమంతా తిరిగినప్పుడు నాకు మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకున్నట్టయింది. అది నా అభిరుచికి సరిపడే బొమ్మ కాదు, అయినా మన ఊళ్లో పుట్టిన బొమ్మ. రాజీవ్ చిలక గారికి ఆ మాట దక్కాలి.

ఇక నా విన్నపాలు. మొదటిది, ఆ ఫొటో కింది వాక్యం దిద్దండి. రెండోది, యానిమేషన్ మీద ఇంకోసారి రాసినప్పుడు వసూళ్ల అంకెలతో పాటు పనిచేసినవాళ్ల పేర్లూ రాయండి. నేను పనిచేసిన వాటిలో ఒక్క సీరియల్‌లో కూడా నా పేరు తెర మీద పడలేదు. కంపెనీ పేరు పడుతుంది, దాని వెనక రెండు వందల మంది ఉంటారు. ఇది ఒక్క కంపెనీ తప్పు కాదు, ఒప్పందాలే అలా ఉండేవి. కనీసం మనం మన భాషలోనైనా రాసుకోవాలి కదా. సినిమాలో ఫైట్ మాస్టర్ దగ్గర సహాయకుడు ఎవరో కూడా మీ సినిమా పేజీలో వస్తుంది. ఇన్‌బిట్వీనర్ల గురించి ఎప్పుడొచ్చింది?

మూడోది తెలంగాణ ప్రభుత్వానికి, మీ ద్వారా. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ పేరుతో విధానం పెట్టారు, రాయదుర్గంలో టవర్ తలపెట్టారు. కట్టనివ్వండి. అందులో ఒక గది పాత కాగితాల కోసం ఉంచమనండి. బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ ప్రాంగణంలో సినిమా మ్యూజియం పెట్టారు, మనకు అలాంటిది లేదు. మా స్టూడియో మూసేస్తున్నప్పుడు పాత డ్రాయింగులు, పాత్రల రూపం చూపే మోడల్ షీట్లు, ఎక్స్‌పోజర్ షీట్లు పాత కాగితాలవాడికి తూకానికి వేస్తుంటే, యజమాని అనుమతితోనే కొన్ని అట్టపెట్టెల్లో తెచ్చుకున్నాను. మా అబ్బాయి మంచం కింద ఉన్నాయి. చెదలు పట్టకుండా ఏటా ఎండలో పెడుతున్నాను. కొన్నిటి మీద పెన్సిల్‌తో “ఆర్క్ చూడు” (అదే, ఆ విల్లు వంపు) అని మా సీనియర్ రాసిన అక్షరాలున్నాయి. వీటిని ఎవరికివ్వాలో అడగడానికి ఒకటి రెండు ఆఫీసులకు వెళ్లాను. “ఇది మా శాఖ కాదమ్మా” అన్నారు. ఇలాంటి పెట్టెలు ఇంకా చాలా ఇళ్లల్లో ఉన్నాయి, నాకు తెలిసిన వాళ్లే అరడజను మంది. తీసుకునే సంస్థ ఏదైనా మీ పాఠకులకు తెలిస్తే చిరునామా వేయండి. ఆటో ఖర్చులు నేనే పెట్టుకుని తెచ్చి ఇస్తాను. రశీదు మాత్రం ఇవ్వాలి.

భవదీయురాలు,
ఒక మాజీ యానిమేటర్,
వనస్థలిపురం, హైదరాబాద్

(నా పేరు వేయవద్దని మనవి. ఇంకా ఈ రంగంలోనే పాఠాలు చెబుతున్నాను.)